అప్‌డేట్: ఎకో నార్మల్, అయినా నాయినకు ఆయాసం. కారణం తెలిసింది

పోయిన నెల అడిగాను: మా నాయినకు (68 ఏళ్లు, నల్గొండ, బీపీ, షుగర్) ఎకోలో (గుండె స్కాన్) ఈఎఫ్ (గుండె ఒక్కసారి పిండితే బయటికి పోయే రక్తం వాటా) 60 శాతం, అంతా నార్మల్ అన్నారు, మరి పడుకుంటే ఊపిరి ఎందుకు ఆడటం లేదని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

"ఈఎఫ్ ఒక్కటే కాదు, డయాస్టోలిక్ ఫంక్షన్ (గుండె వదులై రక్తం నింపుకునే తీరు) అడగండి" అన్న సలహానే పనికొచ్చింది. హైదరాబాద్‌లో మళ్లీ ఎకో తీస్తే ఈ బై ఈ ప్రైమ్ (E/e', గుండె లోపలి ప్రెషర్‌ను అంచనా వేసే అంకె) 12 వచ్చింది. 8 లోపుంటే మామూలు, 14 దాటితే గుండె లోపల ప్రెషర్ ఎక్కువున్నట్టు. మధ్యలో ఉంటే ఈ ఒక్క అంకెతో తేలదట. అందుకే యాంజియోగ్రామ్‌లోనే సన్న ట్యూబును ఎడమ జఠరికలోకి (గుండె కింది ఎడమ గది) పంపి నేరుగా కొలిచారు. గుండె నిండాక ప్రెషర్ 22 ఉంది, 16 లోపు ఉండాలి. బ్లాకులు లేవు. గుండె బాగానే పిండుతోంది, కానీ బిగుసుకుపోయి సరిగ్గా వదులు కావడం లేదు. ఆ ఒత్తిడి వెనక్కి ఊపిరితిత్తుల మీద పడుతోంది.

థైరాయిడ్, ఆస్తమా అనుమానాలు నిలవలేదు. నీరు తీసే మాత్ర ఇచ్చారు, బీపీ మందు మార్చారు, ఉప్పు తగ్గించమన్నారు. పచ్చళ్లు మాన్పించడమే కష్టమైంది.

ఇప్పుడు ఒక్క దిండుతో నిద్రపోతున్నాడు. నిన్న పానగల్ గుడికి వచ్చి, ఎక్కడా ఆగకుండా నడిచాడు.