ఖాళీ బాటిళ్ళతో పర్యావరణ బొమ్మ చేస్తే చెత్త తగ్గినట్టేనా?

అలిపిరి:
2022 జూన్ 1 నుంచి తిరుమల కొండ మీద ప్లాస్టిక్ నిషేధం గట్టిగా అమలవుతోంది. కింద తిరుపతిలో మాత్రం నీళ్ళ బాటిళ్ళ అమ్మకం మామూలే. ఆ ఖాళీ బాటిళ్ళనే ఏరి, కూడలిలో చేపనో ఏనుగునో నిలబెట్టి 'ప్లాస్టిక్ మానండి' అని బోర్డు పెడితే మన కొనుగోలు అలవాటును నిలదీసినట్టేనా? కాదనే అంటాను. బొమ్మ పీకేశాక అదంతా ఎక్కడికి పోతుందో ముందు చెప్పాలి.

పాతసామాను:
ఆ మాట నిజం. నీళ్ళ బాటిళ్ళు పెట్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు, వాటిని పాతసామాన్లవాళ్ళు కొంటారు. లీటరు బాటిల్ సుమారు 20–25 గ్రాములు. వెయ్యి బాటిళ్ళ బొమ్మంటే 20 కిలోలకు పైగా అమ్ముడుపోయే సరుకు ఆగినట్టు. ఆగితే పర్లేదు, రంగు కొడితేనే పాడు. రీసైక్లింగ్‌లో బాటిళ్ళను ముక్కలు చేసి నీళ్ళలో వేస్తే పెట్ మునుగుతుంది, మూతల ముక్కలు తేలతాయి, అలా వేరుచేస్తారు. ఎనామిల్ పెయింటు, ఎంసీల్, గ్లూగన్ జిగురు అంటాయా, కడిగినా సరిగా పోవు. కరిగించాక సరుకు పచ్చబడుతుంది. పీవీసీ అనే వేరే ప్లాస్టిక్ లేబులు మిగిలితే ఇంకా నష్టం: పెట్ కరిగే వేడికి అది మాడి ఆమ్లం వదులుతుంది.

కాబట్టి లేబులు చించి, మూత తీసి, మెడ దగ్గర బైండింగ్ వైరుతో ఇనుప జాలీకి కట్టండి. పట్టకారు ఉంటే విప్పడం ఒక పూట పని. నెలల తరబడి ఎండలో ఉంచితే పెళుసెక్కి చిట్లుతుంది. అసలు చిప్స్ ప్యాకెట్లు వాడితే ఇంకా మేలు. పొరలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి గనుక వాటిని పాతసామాన్లవాళ్ళు ముట్టరు.

కలంపుల్ల:
ప్లాస్టిక్ సంగతి ప్లాస్టిక్‌తోనే ఎందుకు చెప్పాలండీ? గుడ్డ మీద కలంతో బొమ్మలు గీసే కలంకారీకి పేరున్న శ్రీకాళహస్తి మన పక్కనే ఉంది. పురాణ కథలు గీసిన కలంతోనే సూపర్‌మార్కెట్ బండినీ గీయొచ్చు. గంజి పోయేలా ఉతికిన నూలుగుడ్డను కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెట్టాలి. పాలలోని కొవ్వే రంగును పాకనివ్వదు. పాలు తక్కువైతే గీత చెదురుతుంది. ఇనుపముక్కలు, బెల్లం, నీళ్ళు కలిపి పదిహేను ఇరవై రోజులు పులియబెట్టిన కసిమితో గీస్తే, గుడ్డ మీది కరక్కాయ వగరు తగలగానే గీత నల్లబడుతుంది. పులియకముందే వాడితే బూడిదరంగు వస్తుంది, మరీ ఘాటైతే కొన్నేళ్ళకు గీత వెంబడే గుడ్డ తినేస్తుంది. ఎరుపు కావలసినచోట పటిక నీళ్ళు రాసి, ఆరాక పారే నీళ్ళలో ఉతికి, మంజిష్ఠ వేరుతో ఉడికించాలి. రాగిపాత్రే వాడాలి, ఇనుములో ఎరుపు మసకబారుతుంది.

స్వర్ణముఖి ఒడ్డు:
మీరు చెప్పిన 'పారే నీళ్ళు' దగ్గరే నా అభ్యంతరం. స్వర్ణముఖి ఏడాదిలో ఎన్ని నెలలు పారుతుంది? మిగతా కాలమంతా బోరు నీళ్ళేగా. పైగా కలంకారీ పేరుతో బజార్లో దొరికేవాటిలో స్క్రీన్ ప్రింట్లు బోలెడు. 'ప్రకృతి రంగులు' అన్న చీటీ చూసి, అవసరం లేకున్నా మూడు సంచులు కొంటే అదీ వినియోగమే. చేతిగీతలో నలుపు అక్కడక్కడా మందంగా, పలచగా ఉంటుంది, డిజైన్ అచ్చుగుద్దినట్టు మళ్ళీ మళ్ళీ రాదు. కనీసం అది చూసి కొనండి.

అలిపిరి:
కళకు అయ్యే ఖర్చు దాచకపోవడమే నాకు ముఖ్యం. 2015లో పారిస్ వాతావరణ సదస్సు వేళ కళాకారుడు ఓలాఫుర్ ఎలియాసన్ గ్రీన్‌లాండ్ నుంచి 12 మంచుగడ్డలు తెప్పించి అక్కడి పాంథియోన్ అనే కట్టడం ముందు కరగనిచ్చారు. అంతదూరం మోసుకొచ్చినందుకు వెలువడిన కర్బనం లెక్క కూడా వాళ్ళే బయటపెట్టారు. అమెరికా ఫొటోగ్రాఫర్ క్రిస్ జోర్డాన్ 2007లో, తమ దేశంలో అయిదు నిమిషాలకు వాడే 20 లక్షల బాటిళ్ళను కంప్యూటర్లో కూర్చిన ఫొటోగా చూపించారు. అన్ని బాటిళ్ళు పోగెయ్యాల్సిన పనిలేకపోయింది.

కలంపుల్ల:
స్వర్ణముఖి ఒడ్డు గారూ, నీళ్ళ మాట ఒప్పుకుంటాను. నిలవ నీళ్ళలో గుడ్డను వదిలేస్తే ఊడిన పటిక ఖాళీచోట్ల అంటి, ఉడికించాక అక్కడా ఎరుపెక్కుతుంది. పారే నీళ్ళు అడిగేది అందుకే. బోరు మీద చేసేవాళ్ళు మూడు తొట్లు వరసగా పెట్టుకోవాలి. గుడ్డను మడవకుండా రెండంచులూ పట్టి ఆడిస్తూ ఒక్కో తొట్టి దాటించాలి. మొదటి తొట్టి నీళ్ళు పారబోసి, రెండోది మొదటిదాంట్లోకి, మూడోది రెండోదాంట్లోకి వంపి, మూడోదాన్ని మాత్రం కొత్త నీళ్ళతో నింపితే, గుడ్డకు ఒక తొట్టి నీళ్ళే ఖర్చు.