సమస్య: మోము దాచిన కొలదిని మోజు పెరిగె

నిర్వాహకుడు: తేటగీతి నాలుగో పాదం ఇచ్చాను. మాస్కు పెట్టుకుంటే మనిషి ఎందుకు అందంగా కనిపిస్తాడు, పూరణ దాని మీదే ఉండాలి.

నీలాంబరి:
కనులు రెండె కన్పడగను కడమ ముఖము
మనసె కుంచెను చేబట్టి మలచి చూపె
లోపమెరుగని ముక్కును లోని నగవు
మోము దాచిన కొలదిని మోజు పెరిగె

నిర్వాహకుడు: బాగుందండీ. కనపడని ముక్కూ మూతీ చూసేవాళ్ళే వంక లేకుండా ఊహించేసుకుంటారు, ఆ కీలకం పట్టుకున్నారు. కానీ కుంచెతో గీస్తాం, మలచడం ఉలి పని. ‘మరల గీసె’ అనండి, యతికీ ఢోకా ఉండదు.

గోదారిగట్టు: నీలాంబరి గారూ, దాచడమే కారణమైతే ఏది అడ్డం పెట్టినా ఒకేలా అందం రావాలి కదా. బ్రిటన్‌లో కార్డిఫ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2021 ఫిబ్రవరిలో 43 మంది ఆడవాళ్ళకి మగవాళ్ళ ఫొటోలు చూపించారు, ఉత్త ముఖంతో, గుడ్డ మాస్కుతో, నీలం మెడికల్ మాస్కుతో, నల్ల పుస్తకం అడ్డుపెట్టి, అన్నిట్లోకీ నీలం మాస్కుకే ఎక్కువ మార్కులు పడ్డాయి. అదే 2016లో, అంటే కరోనాకి ముందు, జపాన్ నుంచి వచ్చిన పరిశోధనలో అందమైన ముఖాలకి మాస్కు పెడితే మార్కులు తగ్గాయి, మాస్కంటే జబ్బు గుర్తొచ్చేది మరి. అందుకే ఇలా రాశాను:

జబ్బు గుర్తని జడిసిరి జనులు నాడు
నేడు రక్షగ మెచ్చిరి నీలి గుడ్డ
కాలమే మార్చె చూపును కలత నడుమ
మోము దాచిన కొలదిని మోజు పెరిగె

నీలాంబరి: ఒప్పుకుంటున్నానండీ, పుస్తకం సంగతి నా పద్యానికి అందలేదు. కానీ గుడ్డ మాస్కు వేరు, నీలం మాస్కు వేరు అని మీరే చెప్పి పద్యంలో ‘నీలి గుడ్డ’ అంటే ఎలా? ‘నీలి మాస్కు’ అనెయ్యండి, గణాలు సరిగ్గా సరిపోతాయి.

గోదారిగట్టు: నిజమే, మార్చేస్తాను.

పెరటిజాజి: నాది పెళ్ళి పందిట్లో.

అడ్డుతెర వెన్క వధువున్నయపుడు వరుడు
జీలకర్రను బెల్లమున్ జేత బట్టి
వేళకెదురుచూచెను తమి వీడలేక
మోము దాచిన కొలదిని మోజు పెరిగె

నిర్వాహకుడు: ముగ్గురిలోనూ ధార మీదే, రెండో పాదం చదువుతుంటే పందిట్లో కూర్చున్నట్టుంది. కాకపోతే పెళ్ళిచూపుల్లోనే పిల్లని చూసేసిన వరుడికి తెర వెనక ఊహించుకోవడానికి ఏం మిగిలింది? అది ఎదురుచూపే. మాస్కు వేసుకున్నది మనం ఎన్నడూ చూడని మనిషి, తేడా అక్కడే ఉంది. ‘నీలి మాస్కు’ సవరణతో గోదారిగట్టు గారి పూరణకే నా ఓటు.