విండోస్ 11తో వచ్చిన ల్యాప్‌టాప్‌లో విండోస్ 10: ఇన్‌స్టాలర్‌లో డిస్కే కనబడట్లేదు

కొబ్బరాకు
ఇంటెల్ 12వ తరం ఐ5, 512 జీబీ ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ, కంపెనీ నుంచే విండోస్ 11 హోమ్ సింగిల్ లాంగ్వేజ్‌తో వచ్చింది. డీటీపీ పనికి పాత సాఫ్ట్‌వేరు వాడాలి కాబట్టి 10 కావాలి. 8 జీబీ పెన్‌డ్రైవ్‌ని రూఫస్ అనే టూల్‌తో తయారుచేశాను, బూట్ అయింది. ఎక్కడ ఇన్‌స్టాల్ చేయాలో అడిగే తెర దగ్గర మాత్రం జాబితా ఖాళీ. పెన్‌డ్రైవ్ తీసేస్తే 11 మామూలుగానే తెరుచుకుంటోంది. డిస్క్ బాగున్నట్టేనా?

డిస్క్‌పార్ట్
డిస్క్ బాగానే ఉందండీ. 11వ తరం నుంచి ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఎన్‌వీఎంఈ డిస్క్‌ని చాలా కంపెనీలు వీఎండీ అనే కంట్రోలర్ వెనక పెడుతున్నాయి. విండోస్ 10 ఇన్‌స్టాలర్‌లో ఆ కంట్రోలర్‌కి డ్రైవర్ లేదు. తలుపే కనబడనప్పుడు లోపలి గది ఎలా కనబడుతుంది? ఆ డ్రైవర్‌ని మనమే ఇవ్వాలి.

మీ మోడల్ సపోర్ట్ పేజీలో ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ టెక్నాలజీ డ్రైవర్ దించండి. అది డబుల్ క్లిక్‌తో నడిచే ఎగ్జిక్యూటబుల్ ఫైలు. దాన్ని అలాగే పెన్‌డ్రైవ్‌లో వేస్తే ఇన్‌స్టాలర్‌కి పనికిరాదు, విప్పాలి. ఇంటెల్ వాళ్ల సెటప్ ఆర్‌ఎస్‌టీ ఫైలయితే కమాండ్ ప్రాంప్ట్‌లో ఫైలు పేరు తర్వాత ‘-ఎక్స్‌ట్రాక్ట్‌డ్రైవర్స్’ అని, ఆపైన ఫోల్డర్ పేరు ఇస్తే (ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి) ఐఎన్‌ఎఫ్, సిస్ అనే డ్రైవర్ ఫైళ్లు విడిగా వస్తాయి. ఆ ఫోల్డర్‌ని అదే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి.

ఖాళీ జాబితా వచ్చిన తెరలో ‘లోడ్ డ్రైవర్’ నొక్కి, ‘బ్రౌజ్’లో ఆ ఫోల్డర్ చూపించండి. వీఎండీ కంట్రోలర్ అని ఒకటో రెండో పేర్లు వస్తాయి. 11వ తరానికి చివర 9ఏ0బీ, 12కి 467ఎఫ్, 13కి ఏ77ఎఫ్ ఉన్నది ఎంచుకోండి. సరిపడని డ్రైవర్లు దాచే టిక్ ఉంచే ప్రయత్నించండి. టిక్ ఉండగా ఏమీ రాకపోతే మీరు తెచ్చినది వేరే తరం వెర్షన్ అన్నమాట. అలాంటప్పుడు టిక్ తీసేసి బలవంతంగా ఎక్కించినా డిస్క్ రాదు.

వరంగల్_వైర్
గంత దూరం ఎందుకన్నా, బయోస్‌ల (విండోస్‌కంటే ముందు నడిచే మెషీన్ సెట్టింగుల్ల) వీఎండీ ఆఫ్ జేస్తే అయిపాయె. ఏసర్ మోడల్స్‌ల ఆ ఆప్షన్ దాగుంటది, మెయిన్ ట్యాబ్‌ల ఉండి కంట్రోల్ + ఎస్ నొక్కితే బయటికొస్తది. ఆఫ్ జేసి సేవ్ జేస్తె మామూలు ఎన్‌వీఎంఈ లెక్క కనబడ్తది, ఏ డ్రైవరూ అక్కర్లేదు.

డిస్క్‌పార్ట్
అదీ పనిచేస్తుంది, ఆప్షన్ ఉన్న బయోస్‌లో. కొన్ని కంపెనీలు అసలు ఇవ్వవు. ఇంకో చిక్కు: వీఎండీ ఆపాక లోపలున్న విండోస్ 11 బూట్ కాదు, ‘ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని నీలి తెర వస్తుంది. మళ్లీ ఆన్ చేస్తే మామూలవుతుంది కాబట్టి భయం లేదు. డేటా కాపీలన్నీ అయ్యాకే ముట్టుకోండి.

తాళంచెవి
అందరూ బయోస్ దాకా వెళ్లిపోయారు, బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే ఎన్‌క్రిప్షన్) మాట ఎవరూ ఎత్తలేదు. 11తో వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అవగానే డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అయి ఉంటుంది, హోమ్ ఎడిషన్‌లో కూడా. బయోస్ సెట్టింగు మారిస్తే తర్వాతి బూట్‌లో 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. కొబ్బరాకు గారూ, ముందు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి ఆ కీ రాసిపెట్టుకోండి. లేదా సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, డివైస్ ఎన్‌క్రిప్షన్‌లో ఆఫ్ చేసి డీక్రిప్షన్ పూర్తయ్యేదాకా ఆగండి. సగంలో కట్టేయొద్దు.

సెక్యూర్ బూట్, టీపీఎం (బయోస్‌లోని భద్రతా సెట్టింగులు) మాత్రం ఆపనక్కర్లేదు. 10 వాటితో హాయిగా నడుస్తుంది. ‘అన్నీ డిసేబుల్ చెయ్’ అనే వీడియోలు చూసి సీఎస్‌ఎం, లెగసీ అనే పాత బూట్ పద్ధతిలోకి మారిస్తే కొత్త తలనొప్పి. రూఫస్‌లో జీపీటీ, యూఈఎఫ్ఐ (కొత్త బూట్ పద్ధతి) ఉంచండి చాలు.

మినపట్టు
సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో ‘గో బ్యాక్’ అని ఉంటుంది కదా, అది నొక్కితే ఫార్మాట్ లేకుండానే 10 రాదా?

తాళంచెవి
10 మీద నుంచి 11కి అప్‌గ్రేడ్ అయిన మెషీన్‌కే ఆ సౌకర్యం, అదీ 10 రోజుల లోపు. పాత సిస్టమంతా సీ డ్రైవ్‌లో విండోస్ డాట్ ఓల్డ్ ఫోల్డర్‌లో దాగి ఉంటుంది. డిస్క్ క్లీనప్‌తో దాన్ని చెరిపేస్తే దారి మూసుకుపోయినట్టే. ఆ 10 రోజుల్లోపే అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్మ్ టూల్‌తో అన్‌ఇన్‌స్టాల్ విండో (వెనక్కి వెళ్లే గడువు) విలువని 60 రోజుల దాకా పెంచుకోవచ్చు. కంపెనీ నుంచే 11తో వచ్చినదానికి వెనక్కి వెళ్లడానికి ఏమీ ఉండదు. 11లో ఉండగా 10 ఐఎస్‌ఓ (ఇన్‌స్టాలర్ ఫైలు) సెటప్ నడిపినా ఫైళ్లు ఉంచుకునే ఆప్షన్ రాదు, ‘నథింగ్’ ఒక్కటే ఇస్తుంది.

లైసెన్స్_లక్ష్మి
లైసెన్సు సంగతి. కీ మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది, ఎడిషన్ ఒకటే అయితే సాధారణంగా 10 కూడా దాంతోనే యాక్టివేట్ అవుతుంది. మీది హోమ్ సింగిల్ లాంగ్వేజ్ కాబట్టి ఇన్‌స్టాలర్ చాలావరకు అడగకుండా అదే ఎంచుకుంటుంది. ఎడిషన్ల జాబితా వస్తే ఆశకి పోయి ప్రో నొక్కకండి. ఇన్‌స్టాల్ అవుతుంది, యాక్టివేట్ అవ్వదు. కీ అడిగితే ‘ఐ డోంట్ హ్యావ్ ఎ ప్రొడక్ట్ కీ’ నొక్కండి, నెట్ తగిలాక దానంతటదే యాక్టివేట్ అవుతుంది.

చాలామంది మర్చిపోయేది ఆఫీస్. మన దగ్గర 12వ తరం ల్యాప్‌టాప్‌లతో తరచూ ఆఫీస్ హోమ్ అండ్ స్టూడెంట్ కలిపి ఇచ్చేవారు. ఫార్మాట్‌కి ముందే వర్డ్ తెరిచి, అకౌంట్‌కి జోడించి, అకౌంట్ పేజీలో ఆ ఆఫీస్ కనబడుతోందో లేదో చూసుకోండి. జోడించకుండా తుడిచేస్తే మళ్లీ రాబట్టుకోవడానికి సపోర్ట్ వాళ్ల చుట్టూ తిరగాలి.

పెన్‌డ్రైవ్_పెద్దన్న
ఇన్‌స్టాల్‌ది అరగంట పని, ఆ తర్వాత డ్రైవర్లతోనే అసలు కుస్తీ. 11 ఇంకా బతికుండగానే దాని డ్రైవర్లన్నీ బయటికి తీసుకోండి. పెన్‌డ్రైవ్‌లో ముందు ఒక ఖాళీ ఫోల్డర్ చేసుకుని, అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది (ఇంగ్లిష్ అక్షరాల్లో):

పీఎన్‌పీయుటిల్ /ఎక్స్‌పోర్ట్-డ్రైవర్ * ఈ:\డ్రైవర్స్

ఈ: అన్నచోట మీ పెన్‌డ్రైవ్ అక్షరం పెట్టండి. డీ డ్రైవ్‌లో దాచకండి, అదే డిస్క్‌లో భాగమైతే రేపు దాంతోపాటే పోతుంది. 10 వేశాక:

పీఎన్‌పీయుటిల్ /యాడ్-డ్రైవర్ ఈ:\డ్రైవర్స్\*.ఐఎన్‌ఎఫ్ /సబ్‌డిర్స్ /ఇన్‌స్టాల్

ఎక్కువ డ్రైవర్లు రెండింటికీ ఒకటే కాబట్టి ఎక్కేస్తాయి. ఐఎన్‌ఎఫ్‌లోనే కనీసం 22000 బిల్డ్ (అంటే విండోస్ 11) కావాలని రాసినవి మాత్రం 10లో ఎక్కవు, వాటికి 10 డ్రైవర్ వెతకాలి. ఈ ఫోల్డర్‌లో వీఎండీ డ్రైవర్ కూడా ఉంటుంది, పైన డిస్క్‌పార్ట్ గారు చెప్పిన ‘లోడ్ డ్రైవర్’కి చాలావరకు అదే సరిపోతుంది.

వైఫై డ్రైవర్ లేకపోతే కంగారు పడొద్దు. ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే 10కి ఏ డ్రైవరూ లేకుండానే నెట్ వస్తుంది. దగ్గర యూఎస్‌బీ మౌస్ ఒకటి ఉంచుకోండి, సెటప్ తెరల్లో టచ్‌ప్యాడ్ మొండికేయొచ్చు.

కొబ్బరాకు
467ఎఫ్ లోడ్ చేశాక డిస్క్ వచ్చింది, అందరికీ థ్యాంక్సండీ. ఇప్పుడు ఐదు పార్టిషన్లు చూపిస్తోంది: 260 ఎంబీ సిస్టమ్, 16 ఎంబీ ఎంఎస్‌ఆర్ (విండోస్ తనకోసం ఉంచుకునేది), పెద్దది, రెండు రికవరీలు. ఏవి తీసేయాలి?

డిస్క్‌పార్ట్
మళ్లీ ఎప్పుడైనా కంపెనీ ఇచ్చిన రూపంలోనే 11కి వెళ్లాలంటే కంపెనీ రికవరీ పార్టిషన్ కావాలి. దాన్ని ఉంచేసి సిస్టమ్, ఎంఎస్‌ఆర్, పెద్దది మూడూ డిలీట్ చేసి, వచ్చిన ఖాళీ జాగాని ఎంచుకుని ‘నెక్స్ట్’ నొక్కండి. కావలసిన చిన్న పార్టిషన్లు ఇన్‌స్టాలరే చేసుకుంటుంది, మీరు ఫార్మాట్ చేయనక్కర్లేదు. రెండు రికవరీల్లో పెద్దది (10 జీబీకి పైన) సాధారణంగా కంపెనీది. డిస్క్‌పార్ట్ అనే విండోస్ టూల్‌లో ‘క్లీన్’ కొట్టమని ఎవరైనా చెబితే వినకండి, అది మొత్తం డిస్క్‌ని ఊడ్చేస్తుంది. నా పేరు చూసి నేనే చెబుతాననుకోకండి.

మంచుతెర
అడ్డు తగులుతున్నందుకు ఏమనుకోకండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఈఎస్‌యూలో (మైక్రోసాఫ్ట్ అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకంలో) చేరితే 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. సెట్టింగుల బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితం, కాదంటే 1000 మైక్రోసాఫ్ట్ రివార్డ్ పాయింట్లు లేదా 30 డాలర్లు. మూడింటికీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ కావాలి, 22హెచ్2 వెర్షన్ ఉండాలి. అప్‌డేట్లన్నీ ఎక్కాకే చేరే లింక్ కనబడుతుంది. పైగా 12వ తరంలో రెండు రకాల కోర్లు ఉంటాయి. ఏ పని ఏ కోర్‌కి ఇవ్వాలో తేల్చడంలో 11 షెడ్యూలర్ మెరుగు. టాస్క్‌బార్ నచ్చక 10కి వెళ్లేవాళ్లకి నేను వద్దనే అంటాను. కొబ్బరాకు గారిలా పాత సాఫ్ట్‌వేరే కావాలంటే 11 హోమ్‌లో వర్చువల్‌బాక్స్ పెట్టి అందులో 10 నడపడం కూడా ఒక దారి. దానికి మాత్రం లైసెన్సు విడిగా కావాలి, 16 జీబీ ర్యామ్ ఉంటే సుఖం.

స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్ ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌ల వాళ్లు ఈ చర్చ చదివి ప్రయత్నించకండి, వాటికి 10 డ్రైవర్లే లేవు.

కొబ్బరాకు
10 వచ్చింది, యాక్టివేట్ అయింది. వైఫై, ఆడియో, గ్రాఫిక్స్ ఎక్స్‌పోర్ట్ చేసిన డ్రైవర్లతోనే ఎక్కాయి. టచ్‌ప్యాడ్ మాత్రం కదలట్లేదు, డివైస్ మేనేజర్‌లో ఐ2సీ హెచ్‌ఐడీ దగ్గర పసుపు గుర్తు. తెలుగు కీబోర్డ్ కూడా కనబడట్లేదు.

పెన్‌డ్రైవ్_పెద్దన్న
టచ్‌ప్యాడ్‌కి ముందు ఇంటెల్ సీరియల్ ఐఓ డ్రైవర్ ఎక్కాలి, టచ్‌ప్యాడ్ వేలాడేది దానిమీదే. మోడల్ పేజీలో చిప్‌సెట్ విభాగంలో ఉంటుంది. అది వేసి రీస్టార్ట్ చేయండి, షట్‌డౌన్ కాదు. ఫాస్ట్ స్టార్టప్ వల్ల షట్‌డౌన్‌లో పాత స్థితే మిగిలిపోతుంది.

లైసెన్స్_లక్ష్మి
కీబోర్డ్‌కి: సెట్టింగ్స్, టైమ్ అండ్ లాంగ్వేజ్, లాంగ్వేజ్‌లో తెలుగు చేర్చి, దాని ఆప్షన్లలో ‘తెలుగు ఫొనెటిక్’ కలపండి. 2019 మే అప్‌డేట్ నుంచి అది 10లోనే ఉంది, ఇన్‌స్క్రిప్ట్ అంతకుముందు నుంచే ఉంది. మార్చుకోవడానికి విండోస్ కీ + స్పేస్. సింగిల్ లాంగ్వేజ్ ఎడిషన్ కాబట్టి మెనూల భాష మారదు, టైపింగ్‌కి ఏ అడ్డూ లేదు.