హాలోవీన్‌కి పిల్లలతో ఏం చేయించొచ్చు? అపార్ట్‌మెంట్‌లో ఉంటాం, మేకులు, కొవ్వొత్తులు కుదరవు

ప్రశ్న:
అందరికీ నమస్తే. మేం డాలస్ దగ్గర అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తులో ఉంటాం. బాబు సెకండ్ గ్రేడ్, పాప ప్రీకే, అంటే కిండర్‌గార్టెన్ కన్నా ముందు తరగతి. ఈసారి అక్టోబర్ 31న హాలోవీన్‌కి కొన్నవి వద్దు, మేం చేసినవే పెట్టాలని బాబు పట్టు పట్టాడు. మాకున్నదల్లా తలుపు, చిన్న బాల్కనీ. గోడలకి మేకులు కొట్టకూడదని, కొవ్వొత్తులు వెలిగించకూడదని లీజులోనే ఉంది. పాపేమో పుర్రె బొమ్మ చూస్తే చాలు ఏడుపు. ముఖం చెక్కి లోపల లైటు పెట్టే గుమ్మడికాయ ఎప్పుడు కొనాలో, ఎప్పుడు చెక్కాలో నాకు తెలీదు, ఇక్కడి ఎండకి మూడు రోజుల్లో కుళ్ళిపోతుందని పక్కింటావిడ అన్నారు. పిల్లలకి చాకు ఇవ్వాలంటే టెన్షన్‌గా ఉంది. చేసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

జవాబు, ఆస్టిన్ నుంచి:
కాయ ఇప్పుడే కొనుక్కోవచ్చండీ, చెక్కడం మాత్రం 29 లేదా 30 సాయంత్రం పెట్టుకోండి. కొయ్యని కాయ నీడలో నెల దాకా నిక్షేపంగా ఉంటుంది, కోశాక లోపలి తడి గుజ్జుకి గాలి తగిలి బూజు పట్టేస్తుంది, ఎండలో అయితే మీ పక్కింటావిడ చెప్పినంత పనీ అవుతుంది. కొనేటప్పుడు అడుగున మెత్తబడిందేమో బొటనవేలితో నొక్కి చూడండి. తొడిమ పట్టుకుని ఎత్తకండి, అది విరిగితే అక్కణ్ణుంచే కుళ్ళు మొదలవుతుంది.

చాలామంది పైన తొడిమ చుట్టూ మూతలా కోస్తారు, నేనైతే అడుగు కొయ్యమంటాను. పైన కోసిన మూత ఎండి ముడుచుకుపోయి లోపలికి జారుతుంది. అడుగు కోస్తే లైటు కింద పెట్టి కాయని దాని మీద పెట్టేస్తే సరి. అడుగు మీరు కోసివ్వండి, గింజలూ పీచూ తీయడం మొత్తం పిల్లలకి వదిలేయండి, పాప కూడా మోచేతుల దాకా చేతులు పెట్టి లాగుతుంది. ఆ తర్వాత ముఖం చెక్కబోయే వైపు ఐస్‌క్రీమ్ గరిటెతో గీకి గీకి అంగుళం మందానికి తేవాలి, అంతకన్నా మందంగా ఉంటే కొయ్యడం కష్టం, లైటు కూడా బయటికి సరిగ్గా రాదు.

బాబుకి అసలు పని ఇక్కడుంది. ముఖం వాడినే కాగితం మీద గీయమనండి, ఆ కాగితాన్ని కాయకి టేపుతో అంటించి గీత వెంబడి పుష్‌పిన్‌తో దగ్గరదగ్గరగా చుక్కలు గుచ్చమనండి. కాగితం తీశాక ముఖం మొత్తం చుక్కల్లో కనిపిస్తుంది, కావాలంటే చుక్కల మీద కాస్త గోధుమపిండి రుద్దితే ఇంకా తేటగా కనబడుతుంది. ఆ చుక్కల వెంట మీరు కొయ్యండి. వంటింటి చాకు వద్దు, గుమ్మడికాయ కిట్‌లో వచ్చే సన్నటి చిన్న రంపం తీసుకుని పైకీ కిందికీ ఆడిస్తూ కొయ్యాలి, ముందు కళ్ళు, ముక్కు, నోరు చివర్న, ఎందుకంటే నోరు ముందే కోసేస్తే కాయ బలం తగ్గి పళ్ళు విరిగిపోతాయి. కోసిన అంచులకి వాజెలిన్ రాస్తే తొందరగా ఎండవు. గీసిందీ గుచ్చిందీ తనే కాబట్టి రంపం మీ చేతిలో ఉన్నా అది వాడి కాయే, ఆ విషయంలో రాజీ పడకండి, వాడు కళ్ళు వంకరగా గీస్తే వంకరగానే కొయ్యండి.

పాపకి కొయ్యని చిన్న కాయ ఒకటి ఇవ్వండి. తొక్క నున్నగా ఉంటుంది కాబట్టి తడిగుడ్డతో తుడిచి ఆరాక యాక్రిలిక్ రంగు వేయించండి, స్కూలు రంగులు తడి తగిలితే కారిపోతాయి.

లైటు విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్పాలి. కొవ్వొత్తి బదులు వాడే చిన్న ఎల్‌ఈడీ దీపాల్లో బటన్ బ్యాటరీ ఉంటుంది, పిల్లలు మింగితే గంటల్లోనే గొంతు లోపల కాలిపోయి పుండు పడుతుంది. మన టెక్సస్‌లోనే ఒక పసిపాప అలా చనిపోయాక 2022లో రీస్ చట్టం వచ్చింది, బ్యాటరీ గది పిల్లలు తెరవలేనట్టు ఉండాలని. పాతవి, చవకవి ఇంట్లో ఉంటే మూతకి స్క్రూ ఉందో లేదో ఇవాళే చూడండి, లేకపోతే తీసేయండి. మింగిందని అనుమానమొచ్చినా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

జవాబు, న్యూజెర్సీ ఎడిసన్ నుంచి:
తలుపుకి గబ్బిలాలు పెట్టండి. నల్ల కాగితం సగానికి మడిచి, మడత దగ్గర సగం గబ్బిలం గీసి కత్తిరిస్తే విప్పేసరికి రెండు రెక్కలూ ఒకేలా వస్తాయి, రెక్కలు కాస్త పైకి వంచి గోడలకి రంగు వేసేవాళ్ళు వాడే నీలం టేపుతో అంటిస్తే పెయింట్ ఊడదు. కింద మూల నుంచి చిన్నవి, పైకి పోయేకొద్దీ పెద్దవి అంటిస్తే గుంపుగా ఎగిరిపోతున్నట్టు ఉంటుంది. పాప పాదానికి తెల్ల రంగు పూసి నల్ల కాగితం మీద అచ్చు వేయించి, కాగితం తలకిందులుగా పట్టుకోండి. మడమ తల అవుతుంది, వేళ్ళు కింద చిరుగుల అంచు అవుతాయి, రెండు కళ్ళు పెడితే దయ్యం రెడీ. తన పాదమే కాబట్టి పాపకి భయం ఉండదు.

బాల్కనీకి గ్యాలన్ పాల క్యాన్లు దాచుకోండి, పెరుగు తోడు పెట్టుకునే ఇళ్ళల్లో వాటికేం తక్కువ. కడిగి ఆరబెట్టి ముందువైపు నల్ల పర్మనెంట్ మార్కర్‌తో కళ్ళు, నోరు గీయాలి, వెనకవైపు పిడికిలి పట్టేంత రంధ్రం మీరు కోసి దాంట్లోంచి బ్యాటరీ లైట్ల తీగ దూర్చాలి. అడుగున గుప్పెడు గులకరాళ్ళు వేయకపోతే గాలికి పడిపోతాయి. రెయిలింగ్ మీద మాత్రం పెట్టకండి, కింద జనం నడుస్తుంటారు. చీకటి పడితేగానీ ఇవి మెరవవు, డాలస్‌లో ఆ రోజు ఆరున్నర దాటాకే పొద్దుగూకుతుంది, పిల్లలకి ముందే చెప్పి ఉంచండి.

షాపుల్లో అమ్మే సాగే దూదిలాంటి సాలెగూడు బయట కట్టొద్దు, దాంట్లో పిట్టలు చిక్కుకుంటాయి. లావు ఊలు దారంతో అల్లుకోండి.

అడిగినవారు:
చాలా థ్యాంక్సండీ ఇద్దరికీ. ఇంకొకటి. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, ఇంట్లో పుర్రెలూ దయ్యాలూ ఏమిటమ్మా అని బాధపడుతున్నారు. ఆవిడని నొప్పించకుండా ఎలా? ఇంకా, బాబు క్లాసులో ఒకబ్బాయికి వేరుశనగ పడదు, ఆ రోజు చాక్లెట్ల కోసం వాడు కూడా మా తలుపు దగ్గరికి వస్తాడు.

జవాబు, ఆస్టిన్ నుంచి:
పుర్రెలు మొత్తం మానేయండి, పాపకీ అదే మంచిది. గుడ్లగూబలు, గబ్బిలాలు, చందమామ, గుమ్మడికాయలు చాలవా? తెల్ల బొమ్మ ఒకటి మాత్రం మీ అత్తగారి సాయంతోనే చేయండి. పల్చటి పాత నూలు గుడ్డని చిక్కటి గంజిలో ముంచి పిండి, సీసా మీద ఊదిన బెలూన్ నిలబెట్టి దాని మీద కప్పాలి, రాత్రంతా ఆరాక బెలూన్ పగలగొడితే గుడ్డ దానంతటదే నిలబడుతుంది. గంజి ఎంత చిక్కగా ఉండాలో ఆవిడకి తెలిసినంత మనకి తెలీదు, అడిగితే సంతోషిస్తారు. బెలూన్ ముక్కలు వెంటనే ఏరేయండి, పాప నోట్లో పెట్టుకోకుండా.

ఆ అబ్బాయి కోసం పాప కాయకి నీలం, ఆకుపచ్చ కలిసిన టీల్ రంగు వేయించండి. 2014 నుంచి ఇక్కడ దేశమంతా అదొక గుర్తు, ఆ రంగు కాయ బయట కనిపిస్తే ఆ ఇంట్లో తినేవి కాకుండా పెన్సిళ్ళు, స్టిక్కర్లు లాంటివి కూడా ఇస్తారని. అవి చాక్లెట్ల గిన్నెలో కలపకుండా వేరే గిన్నెలో పెట్టాలి.

జవాబు, ఎడిసన్ నుంచి:
గింజలు పారేయకండి. కడిగి, బాగా ఆరబెట్టి, నూనె, ఉప్పు, కారం పట్టించి 325 డిగ్రీల ఫారెన్‌హీట్ ఓవెన్‌లో ఇరవై నిమిషాలు, మధ్యలో ఒకసారి కలపాలి. చెక్కి బయట పెట్టిన కాయ మాత్రం వండొద్దు. దప్పళానికైతే ‘పై పంప్‌కిన్’ (pie pumpkin) అని వంటకి వాడే చిన్నవి అమ్ముతారు, అవి తెచ్చుకోండి. పండగ అయ్యాక రంగు వేయని కాయల్ని కంపోస్ట్‌కి ఇవ్వొచ్చు, రంగు వేసినవి చెత్తలోకే. బాల్కనీలో వదిలేస్తే అడుగున నీరు కారి కాంక్రీటు మీద మరక పడుతుంది, డిపాజిట్ దగ్గర పేచీ వస్తుంది, కింద ఒక పాత పళ్ళెం పెట్టుకోండి.