అప్‌డేట్: పాత మండువా ఇంటి గోడల్లో చెమ్మ, కారణం తెలిసింది

కోనసీమలోని మా పాత మండువా ఇంటి పడమటి గదిలో గోడ అడుగున రంగు పొక్కులు లేచి, తెల్లని ఉప్పు రాలుతోందని ఇక్కడ అడిగాను. సమస్య తీరింది. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

సిమెంటు పూత తీయించి చూడమన్న సలహాయే పనిచేసింది. పాత కట్టడాలు బాగుచేసే ఇంజనీరు గారు వచ్చి చూశారు. ఇల్లు సున్నంతో కట్టింది, పునాదిపైన చెమ్మను ఆపే పొర లేదు. నేలలోని నీరు ఇటుకల సన్నని రంధ్రాల గుండా పైకి పాకుతుంది. సున్నపు పూత ఉన్నన్నాళ్లూ ఆ తేమ గాలికి ఆరిపోయేది. తర్వాత వేసిన సిమెంటు, దానిపై ప్లాస్టిక్ రంగు ఆ తేమను లోపలే బంధించాయి. పైగా వెలుపలి కాంక్రీటు గచ్చు గోడవైపు వాలి ఉండడంతో వాననీరు అక్కడే నిలిచేది.

సిమెంటు రాల్చి, గోడను వేసవంతా ఆరనిచ్చాం. ఈ దశలో తొందరపడకండి. తర్వాత సున్నం, ఇసుక గార, పైన వెల్ల. గచ్చు వాలు బయటికి మార్చాం. వానాకాలం దాటినా గోడ పొడిగానే ఉంది, గది ఎంత హాయిగా ఉందో!

పైకప్పు, కొళాయి గొట్టాలు కారణం కావు. వాటర్‌ప్రూఫ్ పుట్టీ మాత్రం ఇలాంటి గోడకు వద్దు, చెమ్మ ఇంకా పైకెక్కుతుంది. సున్నం పని తెలిసిన మేస్త్రి దొరకడమే కష్టం. పూత త్వరగా ఎండి బీటలు వారకుండా తడి గోనెపట్టాలు కట్టించండి.