ఆల్వెస్ కేసు కొట్టేశారు. అంటే ఆ అమ్మాయి అబద్ధం చెప్పినట్టేనా?

రైట్‌బ్యాక్

2025 మార్చి 28న స్పెయిన్‌లోని కాటలోనియా హైకోర్టు, బార్సిలోనా క్లబ్ (బార్సా) మాజీ ఆటగాడు, బ్రెజిల్‌కి చెందిన డానీ ఆల్వెస్‌కి రేప్ కేసులో పడ్డ శిక్షను రద్దు చేసింది. వార్త వచ్చిన గంటలోపే మన బార్సా గ్రూపులన్నీ హోరెత్తిపోయాయి. 2009, 2011, 2015 సీజన్ల క్లిప్పులు, మెస్సీకి ఇచ్చిన పాసులు, ‘డానీ మనవాడు’ అంటూ పోస్టర్లు. అక్కడితో ఆగి ఉంటే నేను ఇది రాసేవాణ్ని కాదు. ఆ వెంటనే రెండో రకం మొదలైంది. ‘డబ్బు కోసం కేసు పెట్టింది’, ‘ఇప్పుడు దాన్ని లోపలెయ్యాలి’, ‘ఆ పిల్ల పేరేంటో ఎవరికైనా తెలుసా?’ ఆ చివరి ప్రశ్నకి జవాబు పెట్టినవాళ్లు కూడా ఉన్నారు. మన మ్యాచ్ స్క్రీనింగ్‌లో ఆల్వెస్ బ్యానర్ మళ్లీ కట్టాలని కొందరు ప్రతిపాదించారు.

కేసు తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. 2022 డిసెంబర్ 30 రాత్రి, బార్సిలోనాలో సటన్ అనే నైట్‌క్లబ్ బాత్రూమ్‌లో ఆల్వెస్ తనను రేప్ చేశాడని 23 ఏళ్ల అమ్మాయి ఫిర్యాదు చేసింది. 2023 జనవరి 20న అరెస్ట్ చేశారు. అదే రోజు అతను ఆడుతున్న మెక్సికో క్లబ్ పూమాస్ కాంట్రాక్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరి 22న కింది కోర్టు నాలుగున్నరేళ్ల జైలు వేసింది. అదే ఏడాది మార్చిలో 10 లక్షల యూరోల బెయిల్ కట్టి బయటికొచ్చాడు. ఇప్పుడు పై కోర్టు కేసు కొట్టేసింది.

నేను చెప్పేది ఒకటే. కోర్టు అతన్ని వదిలేసింది, సంతోషపడేవాళ్లు సంతోషపడండి. ఆమె అబద్ధం చెప్పిందని మాత్రం కోర్టు ఎక్కడా అనలేదు. ఆ మాట మీరు సొంతంగా కలుపుకుంటున్నారు.

నౌక్యాంప్ నాని

అన్నా, మీరు ఇంత రాశారు, 14 నెలలు జైల్లో ఉన్న మనిషి గురించి ఒక్క ముక్క జాలిగా రాయలేదు. 2022 డిసెంబర్ 2న ఖతార్ వరల్డ్ కప్‌లో కామెరూన్ మీద బ్రెజిల్ కెప్టెన్‌గా ఆడాడు, 39 ఏళ్ల వయసులో. రెండు నెలలు తిరక్కుండానే జైల్లో ఉన్నాడు. పారిపోతాడని చెప్పి అడిగిన ప్రతిసారీ బెయిల్ తోసిపుచ్చారు. శిక్ష పడకముందే ఏడాదికి పైగా లోపలే. కెరీర్ పోయింది, పరువు పోయింది. సొంత ఊరు జువాజేరోలో పెట్టిన విగ్రహాన్ని కూడా పాడుచేశారు. ఇవన్నీ ఎవరు వెనక్కి ఇస్తారు?

ఇంకో విషయం. తీర్పు ఇచ్చిన నలుగురు జడ్జిల్లో ముగ్గురు ఆడవాళ్లే. నలుగురిదీ ఒకే మాట. కాబట్టి ‘మగవాళ్ల కోర్టు మగవాణ్ని కాపాడింది’ అని దయచేసి ఎవరూ మొదలుపెట్టొద్దు.

బెంజమిన్ మెండీని గుర్తు చేసుకోండి. రేప్ కేసులు పడటంతో 2021 సెప్టెంబర్ నుంచి అతని క్లబ్ మాంచెస్టర్ సిటీ జీతం ఆపేసింది. 2023లో రెండు విచారణలూ అయ్యేసరికి అన్ని ఆరోపణల నుంచీ నిర్దోషిగా బయటికొచ్చాడు. ఆ జీతం కోసం మళ్లీ ట్రిబ్యునల్ మెట్లెక్కాల్సి వచ్చింది. అందులో ఎక్కువ భాగం అతనికి రావాల్సిందేనని 2024 నవంబర్‌లో తేల్చారు. ఈ మధ్యలో అతన్ని తిట్టని అభిమాని ఉన్నాడా? తిట్టినవాళ్లలో ఒక్కరైనా సారీ చెప్పారా?

గోల్‌లైన్

నాని గారూ, మీ బాధ నాకు అర్థమవుతుంది. పద్నాలుగు నెలలు చిన్న విషయం కాదు. కానీ ఈ రెండేళ్లలో మన మధ్య ఏం జరిగిందో నేను చూసింది చెప్పాలి.

నేను హైదరాబాద్‌లో మ్యాచ్ స్క్రీనింగులకి వస్తుంటాను. నలభై మంది ఉంటే అమ్మాయిలం నలుగురమో ఐదుగురమో. 2024 జనవరిలో, విచారణకి ముందు, ఆల్వెస్ వాళ్లమ్మ ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక వీడియో పెట్టింది, మీకు గుర్తుండే ఉంటుంది. ఫిర్యాదు చేసిన అమ్మాయి ఎవరో తెలిసిపోయేలా ఉంది అది. ఆ అమ్మాయి లాయర్ దాని మీద కేసు కూడా వేశారు. ఆ వీడియో మన దగ్గరికీ వచ్చింది. హాఫ్ టైమ్‌లో ఒక ఫోన్ చేతులు మారుతూ మా టేబుల్ దాకా వచ్చింది. ఎవరో వీడియో ఆపి, రెండు వేళ్లతో ఆమె ముఖం పెద్దది చేసి, ‘బానే నవ్వుతోంది కదా, ఈమెకేమైంది’ అన్నారు. పక్కనున్నవాళ్లు తలూపి ఫోన్ ముందుకి పంపించారు. అక్కడున్న ఎవ్వరికీ ఇది తప్పనిపించలేదు.

నా పక్కన కూర్చున్న అమ్మాయి ఆ తర్వాత స్క్రీనింగులకి రావడం మానేసింది. కారణం నాకు చెప్పింది: ‘రేపు నాకేదైనా జరిగితే వీళ్లు నా ఫోటో కూడా ఇలాగే జూమ్ చేస్తారు.’

మన దేశంలో రేప్ బాధితురాలి పేరు, ఆనవాళ్లు బయటపెడితే రెండేళ్ల దాకా జైలు. పాత ఐపీసీలో 228ఏ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్. ఎక్కడో బార్సిలోనాలో ఉన్న అమ్మాయి కదా, మనకేమవుతుందిలే అని అందరూ ఫార్వర్డ్ చేసేశారు.

ఉప్పల్ వింగర్

నాకు 2014లో విల్లారియల్ మ్యాచ్ గుర్తొస్తోంది. కార్నర్ కొట్టడానికి వెళ్తే స్టాండ్స్‌లోంచి అరటిపండు విసిరారు. ఆల్వెస్ తీసుకుని, ఒలిచి, తినేసి కార్నర్ కొట్టాడు. అప్పుడు నేను స్కూల్లో ఉన్నా. జాత్యహంకారానికి అంతకన్నా గట్టి జవాబు నేను చూడలేదు. నాకు ఆల్వెస్ అంటే ఆ మనిషి. ఈ కేసు వార్త మొదటిసారి చదివినప్పుడు నమ్మలేదు, నిజంగా నమ్మబుద్ధి కాలేదు. అలాంటివాడు ఇలాంటి పని చేస్తాడా అనిపించింది.

గోల్‌లైన్

తమ్ముడూ, అక్కడే చిక్కు. ఆ అరటిపండు తిన్న మనిషి నాకూ ఇష్టమే. కానీ 2014లో చేసిన ఆ మంచి పని 2022లో ఒక బాత్రూమ్‌లో ఏం జరిగిందో చెప్పే సాక్ష్యం కాదు. అతని వైపూ కాదు, ఆమె వైపూ కాదు.

నల్లకోటు

తీర్పు గురించి చాలామంది చదవకుండా మాట్లాడుతున్నారు కాబట్టి చెబుతాను. నేను క్రిమినల్ కేసులు చూసే లాయర్ని. స్పెయిన్ చట్టం మన చట్టం కాదు, కానీ అసలు సూత్రం అంతటా ఒకటే.

బాత్రూమ్ బయట సీసీ కెమెరాలు ఉన్నాయి, లోపల లేవు. లోపలికి వెళ్లేముందు జరిగినదాని గురించి ఆమె చెప్పింది కెమెరాలో కనబడిన దానితో సరిపోలేదు. ఇది కింది కోర్టు కూడా గమనించింది. అయినా లోపల జరిగిన అసలు ఘటన వరకు ఆమె మాట నమ్మదగ్గదేనంది. మోకాలి గాయం లాంటివి దానికి బలమని తీసుకుంది. పై కోర్టు దీనికి ఒప్పుకోలేదు. సరిచూడగలిగిన భాగంలోనే తేడా ఉంటే, సరిచూడలేని భాగాన్ని ఆ వాంగ్మూలం ఆధారంగానే నమ్మి శిక్ష వేయలేమంది. దోషి అని రుజువయ్యేదాకా నిర్దోషే అనే సూత్రాన్ని దాటడానికి ఈ సాక్ష్యం చాలదంది. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. ఆల్వెస్ చెప్పిందే నిజమని తాము అనడం లేదని జడ్జిలు విడిగా రాశారు. నాని గారూ, ఈ ముక్క మీ గ్రూపుల్లో ఎవరైనా షేర్ చేశారా?

మన కోర్టుల్లో దీన్నే బెనిఫిట్ ఆఫ్ డౌట్ అంటాం. రోజూ చూస్తాం. కేసు కొట్టేశారంటే ప్రాసిక్యూషన్ రుజువు చేయలేకపోయిందని. ఫిర్యాదుదారు కుట్ర పన్నిందని తేల్చాలంటే అది వేరే కేసు, దానికి వేరే రుజువులు కావాలి.

అవతలి పక్షానికి కూడా ఒక మాట చెప్పాలి. స్పెయిన్ అప్పటి ఉప ప్రధాని మరియా హెసూస్ మోంటెరో ఈ తీర్పు మీద కోపంతో, ధైర్యం చేసి ముందుకొచ్చిన అమ్మాయిల వాంగ్మూలం కన్నా నిర్దోషిత్వ సూత్రమే ముందుండటం సిగ్గుచేటు అన్నారు. జడ్జిల సంఘాలు మండిపడ్డాయి, ఆమె క్షమాపణ చెప్పారు. చెప్పాల్సిందే. ఆ సూత్రాన్ని వదులుకుంటే రేపు లాకప్‌లో పడే అనామకుడికి ఏ దిక్కూ ఉండదు. ఆల్వెస్‌కి లాయర్లున్నారు, అతనికి లేరు.

నౌక్యాంప్ నాని

సార్, తీర్పు వివరాలు చెప్పినందుకు థాంక్స్. ఆల్వెస్ చెప్పింది నిజమని అనలేదన్న ముక్క నేను చూడలేదు, ఒప్పుకుంటా. కానీ మామూలు మనిషిగా అడుగుతున్నా. కెమెరాలో ఒకటి, నోటితో ఒకటి అయితే దాన్ని ఏమంటారు? 1,50,000 యూరోల పరిహారం సంగతేంటి?

రైట్‌బ్యాక్

ముందు డబ్బు విషయం. ఆ అమ్మాయి మొదట ఫిర్యాదు చేసినప్పుడే పరిహారం వద్దంది. విచారణకి ముందు ఆ 1,50,000 యూరోలు కోర్టులో కట్టింది ఆల్వెస్ వైపు. అలా ముందే కట్టినందుకు శిక్ష తగ్గింది కూడా. డబ్బు కోసమే వచ్చినవాళ్లు మొదటి రోజే వద్దంటారా?

ఇక మాట మార్చడం సంగతి. ఆల్వెస్ ఎన్నిసార్లు మార్చాడో చూశావా నానీ? అరెస్టుకి ముందు టీవీలో ఆ అమ్మాయి ఎవరో తనకు తెలియదన్నాడు. తర్వాత కథ మారింది, మళ్లీ మారింది, చివరికి ఆమె ఇష్టంతోనే జరిగిందన్నాడు. భార్యకి తెలియకూడదని ముందు దాచానన్నాడు. సరే, భయంతో అబద్ధం చెప్పాడు, ప్రతి అబద్ధం నేరానికి సాక్ష్యం కాదు. మీరందరూ దీన్ని అర్థం చేసుకున్నారు. నేనూ అర్థం చేసుకోగలను.

నన్ను బాధపెట్టేది ఇక్కడే. అతను ఇన్నిసార్లు మాట మారిస్తే ‘పాపం, టెన్షన్‌లో ఉన్నాడు’ అంటాం. ఆమె చెప్పినదాంట్లో ఒక భాగం కెమెరాతో సరిపోకపోతే ‘దొంగ’ అంటాం. ఆ టెన్షన్ ఆమెకి ఉండదా? అతనికి ఇచ్చిన ఆ కాస్త వెసులుబాటు ఆమెకి ఎందుకు ఇవ్వం? అతను మనకి 2008 నుంచీ తెలుసు, ఆమె తెలియదు, అంతే కదా. కోర్టుకి ఆ తేడా లేదు. మనకుంది. అందుకే మనం తీర్పులు చెప్పకూడదంటున్నా.

స్ట్రెట్‌ఫర్డ్

నేను ఉండేది మాంచెస్టర్‌లో, అభిమానం యునైటెడ్ మీద. మీ బార్సా గొడవలో ఎందుకు దూరుతున్నానంటే, మా ఆటగాడు మేసన్ గ్రీన్‌వుడ్ మీద రేప్‌యత్నం, దాడి కేసు పడ్డప్పుడు మేం ఇదంతా అనుభవించాం. 2023 ఫిబ్రవరిలో ప్రాసిక్యూషన్ కేసు ఉపసంహరించుకుంది. ముఖ్య సాక్షులు తప్పుకోవడం, కొత్త సమాచారం రావడం కారణాలన్నారు. తర్వాత ఆరు నెలలు ఆఫీసులో, పబ్‌లో ఎక్కడికెళ్లినా అదే చర్చ. మహిళా అభిమానులు కొందరు అతను తిరిగి రావొద్దని బహిరంగంగా చెప్పారు, దానికి వాళ్లు తిన్న తిట్లు ఇక్కడ రాయలేను. ఆరోపించిన నేరాలు అతను చేయలేదనే తాము నిర్ణయానికి వచ్చామని క్లబ్ ఆగస్టులో ప్రకటించింది. అదే ప్రకటనలో అతను వేరే చోట ఆడటమే మంచిదంది. అటు ఇటు ఎవరికీ నచ్చలేదు.

వేల్స్ ఫుట్‌బాలర్ చెడ్ ఎవాన్స్ మీద పడ్డ రేప్ కేసు పాతదే కానీ మీరు తెలుసుకోవాలి. 2012లో వేల్స్‌లో శిక్ష పడింది. 2016లో ఆ శిక్ష కొట్టేసి మళ్లీ విచారణ జరిపారు, జ్యూరీ నిర్దోషి అంది. మధ్యలో అభిమానులు ఏం చేశారో తెలుసా? ఫిర్యాదు చేసిన అమ్మాయి పేరు ట్విట్టర్లో, ఫేస్‌బుక్‌లో పెట్టారు. తొమ్మిది మందిని కోర్టుకి ఈడ్చి ఒక్కొక్కరి చేత 624 పౌండ్లు కట్టించారు. ఆ అమ్మాయి పేరు మార్చుకుని, ఊళ్లు మారుతూ బతకాల్సి వచ్చింది. ఆ తొమ్మిది మందీ మనలాంటి మామూలు జనమే.

అభిమానులు మంచి పని చేసిన సందర్భమూ ఉంది. స్కాట్లాండ్‌లో రెయిత్ రోవర్స్ అనే చిన్న క్లబ్ 2022 జనవరి చివర్లో డేవిడ్ గుడ్‌విల్లీ అనే ఆటగాణ్ని కొనుక్కుంది. క్రిమినల్ కేసు నడవలేదు కానీ 2017లో సివిల్ కోర్టు అతను రేప్ చేశాడని తేల్చింది. చొక్కాలకి స్పాన్సర్‌గా ఉన్న రచయిత్రి వాల్ మెక్‌డెర్మిడ్ తప్పుకున్నారు. మహిళల టీమ్ కెప్టెన్ రాజీనామా చేసింది, వాలంటీర్లు వెళ్లిపోయారు. మూడు నాలుగు రోజుల్లో క్లబ్ దిగొచ్చి, అతన్ని ఆడించబోమంది. వాళ్లు ఎవరినీ వెంటాడలేదు, ఎవరి ఫోటో జూమ్ చేయలేదు. క్లబ్బునే నిలదీశారు.

నౌక్యాంప్ నాని

గుడ్‌విల్లీ విషయంలో కోర్టు తేల్చింది కాబట్టి అది కరెక్ట్. ఆల్వెస్ విషయంలో కోర్టు ఇటువైపు తేల్చింది. అదే గౌరవం ఈ తీర్పుకీ ఇవ్వండి అంటున్నా. అరెస్టయిన రోజే ‘రేపిస్ట్’ అని రాసినవాళ్లు ఇక్కడే ఉన్నారు, పాత పోస్టులు ఇంకా ఉన్నాయి. ఆమె పేరు వెతకొద్దు అనే రూల్ పెడితే నేను మొదటి సంతకం పెడతా. దాంతోపాటు శిక్ష పడకముందే అతన్ని నేరస్థుడన్న పోస్టులు కూడా తీసేయాలి. ఒకవైపే రూల్ అయితే నేను ఒప్పుకోను.

రైట్‌బ్యాక్

ఒప్పుకుంటున్నా. 2023 జనవరి నుంచి 2024 ఫిబ్రవరి 22 దాకా అతన్ని నేరస్థుడని రాసినవన్నీ తీసేయాల్సినవే. శిక్ష పడ్డాక రాసినవి వేరు, అప్పుడు కోర్టు చెప్పిందే వాళ్లు రాశారు. వాటి కింద కొత్త తీర్పు వివరాలు జోడిస్తే చాలు.

కానీ స్క్రీనింగ్‌లో ఆల్వెస్ బ్యానర్ మళ్లీ కట్టాలన్న ప్రతిపాదనకి నేను వ్యతిరేకం. అతను నేరస్థుడని కాదు. గోల్‌లైన్ గారి పక్కనుండి లేచి వెళ్లిపోయిన అమ్మాయి తిరిగి వస్తే మొదట కనబడేది ఆ బ్యానర్ కాకూడదు.

నౌక్యాంప్ నాని

బ్యానర్ దగ్గర నేను మీతో లేను అన్నా. నిర్దోషి అని కోర్టు చెప్పినవాడి ఫోటో దాచిపెడితే మన దృష్టిలో ఇంకా నేరస్థుడేనన్నట్టు.

నల్లకోటు

ఇలాంటి తీర్పు మీద స్పెయిన్ సుప్రీం కోర్టుకి అప్పీల్ వెళ్లడానికి చట్టంలో దారి ఉంది. బ్యానర్ కట్టడం, కట్టకపోవడం అది తేలేదాకా ఆపొచ్చు. ఆ వీడియో మాత్రం ఆగక్కర్లేదు. ఎవరి ఫోన్లో ఉన్నా ఇప్పుడే డిలీట్ చేయండి, గ్రూపు మీడియా ఫోల్డర్‌లో కూడా చూడండి, చాలా ఫోన్లలో దానంతటదే సేవ్ అయి ఉంటుంది.

గోల్‌లైన్

పోయిన వారం కూడా ఆ వీడియో రెండు గ్రూపుల్లో మళ్లీ తిరిగింది. ఆ గ్రూపుల అడ్మిన్లు ఇది చదువుతుంటే, దయచేసి ఈ రాత్రికే తీసేయండి.