బంతిపూలతో పట్టు దారం: పసుపు బదులు పాచి రంగు వస్తోంది

ప్రశ్న:
సహజంగా ఉండే జిగురు తీసిన పట్టు దారం 100 గ్రాములు, ఎండు బంతి రేకలు 100, రంగు పట్టేందుకు పటిక 25. పటిక నీళ్లలో గంట మరిగించి ఆరబెట్టాను. మరునాడు పొడి దారాన్నే మరుగుతున్న రంగునీళ్లలో వేశాను. పసుపు రాలేదు, పాచి రంగు వచ్చింది. చిలప (దారపు చుట్ట) పైన ముదురు, లోపల లేత. జాడించినకొద్దీ రంగు దిగుతోంది, మెరుపూ తగ్గింది. ఎక్కడ తేడా వచ్చింది?

జవాబు 1:
మెరుపు తగ్గింది మరిగించడం వల్లేనండి. పట్టుకు రంగు వేసేటప్పుడు 85 డిగ్రీలు దాటనివ్వకండి. పటికకైతే పొయ్యే అక్కర్లేదు. 12–15 గ్రాములు వేడినీళ్లలో కరిగించి, 3 లీటర్ల గోరువెచ్చని నీళ్లలో కలిపి, దారం రాత్రంతా నానబెట్టండి. ఎక్కువ వేస్తే దారంలోకి ఇంకని పటిక పైపైనే ఉండిపోతుంది. రంగు దాన్నే పట్టుకుని, జాడించగానే దానితోపాటు పోతుంది. అందుకే నానిన దారాన్ని ఒకసారి జాడించాకే రంగులో వేయాలి.

రేకలకు తొడిమలు లేకుండా చూసుకోండి. 80–90 డిగ్రీల దగ్గర 45 నిమిషాలు కాచి గుడ్డలో వడకట్టండి. చల్లారాక తడి దారం దించి, మెల్లగా 75 డిగ్రీలకు తెచ్చి, అరగంట తిప్పుతూ ఉంచి, అందులోనే చల్లారనివ్వండి.

జవాబు 2:
పాచి రంగంటే ముందు ఇనుమునే అనుమానించాలి. బంతి పసుపును ఇనుము ఇట్టే పాచిగా మారుస్తుంది. మీ నీళ్లలో కొద్దిగా కరక్కాయ కషాయం వేయండి. నల్లబడితే నీళ్లలో ఇనుము ఉన్నట్టే, వాననీళ్లు వాడండి. గిన్నె స్టీలుదే కావాలి, పెచ్చులూడిన ఎనామిల్ గిన్నె కూడా వద్దు.

జవాబు 3:
పైన ముదురు, లోపల లేత ఎందుకంటే, పొడి పట్టు నీటిని వెంటనే పీల్చదు. వేడినీళ్లలో పడగానే పైపోగులే రంగంతా లాగేసుకుంటాయి. గంటసేపు నానబెట్టి, చిలప కట్లు వదులు చేసి వేయండి. జిగురు పూర్తిగా పోయిందో లేదో కూడా తూకంలో తేలుతుంది: మల్బరీ పట్టు 20–25 శాతం తగ్గాలి. మిగిలిన జిగురు రంగును ఎక్కువ పట్టి, తర్వాత సబ్బునీళ్లలో రంగుతో సహా ఊడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడున్న దారం పనికొస్తుందా?

జవాబు 2:
ఇనుము పట్టాక మళ్లీ పసుపు రాదండి. నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించి, నీలిమందు తొట్టిలో ఒక్క ముంచు ముంచండి. ముదురాకుపచ్చ బాగా కుదురుతుంది. పట్టుకు క్షారం పడదు, తొట్టిలో సున్నం తక్కువగా ఉంచండి.